వేడి మీద పదిహేను

"వేడి మీద ఎంత చూపిస్తోంది?" ఏలూరు టాక్సీ స్టాండులో ఒకప్పుడు డ్రైవర్లు ఒకరినొకరు పలకరించుకునే తీరు ఇది. ఇంటి దగ్గర అందరూ కులాసాయేనా అన్న మాట ఆ తర్వాతే. దూరం వెళ్లొచ్చిన బండిని చెట్టు కింద పెట్టగానే పక్క బండివాడు కిటికీలో తల దూర్చి డాష్‌బోర్డు వైపు చూసేవాడు. 20 ఉంటే ఇంజను పని ఈమధ్యే అయిందని అర్థం. 15 ఉంటే భయం లేదు. 10 అంటే పెళ్లిళ్ల సీజను గట్టెక్కితే చాలునని దణ్ణం పెట్టుకోవాలి. అయిదు అన్న మాట సొంత బండి గురించి ఎవరూ పైకి అనేవారు కాదు. అది ఎప్పుడూ ఆ వేళకి స్టాండులో లేనివాడి బండి సంగతే అయ్యుండేది.

ఆ అంకెలు పౌండ్లు. చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లని లెక్క గానీ అంత పొడుగు మాట అక్కడెవరికీ అవసరం లేదు. ఇంజను బాగా కాగాక బండి ఆపి, గేరు తీసి, యాక్సిలరేటరు మీంచి కాలు ఎత్తేస్తే ఆయిల్ ప్రెజర్ ముల్లు ఎంతకి దిగి నిలబడుతుందో అదీ చూడాల్సింది. రోడ్డు మీద పరుగులో 50 చూపించడం పెద్ద గొప్పేం కాదు. ఇంజను ఎంత జోరుగా తిరిగితే ఆయిలు పంపూ అంత జోరుగా తిరుగుతుంది కాబట్టి అరిగిన బండి కూడా పరుగులో పరువు దక్కించుకుంటుంది. నిలబడ్డప్పుడే దాని వయసు తెలిసేది.

మా నాన్నది మార్క్ టూ అంబాసిడర్. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌గా పుట్టిన కారునే హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు 1957 నుంచి కలకత్తా దగ్గర ఉత్తరపారాలో అంబాసిడర్ పేరుతో తయారు చేశారు. దాని పెట్రోలు ఇంజను 1489 సీసీ, బీఎంసీ బీ-సిరీస్‌ది. ఆ దేశంలో ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారులో దొరల్ని షికారు తిప్పింది కూడా ఈ ఇంజను కుటుంబమే. మా దగ్గర అది ఆరుగురు పెద్దవాళ్లనీ, ఒళ్లో పిల్లల్నీ, పైన క్యారియరు మీద పెట్టె బేడానీ మోసింది. మా బండి మొదట ఓ రైసుమిల్లు యజమానిది. ఆయన కొత్త బండి కొనుక్కుంటే, 1970ల చివర్లో పాతది నాన్న చేతికొచ్చింది. అప్పటికే అది ఒక తరం పని చేసేసి ఉంది.

బాడుగ ఉందంటే నాన్న తెల్లవారకముందే బానెట్ ఎత్తేవాడు. డిప్‌స్టిక్ లాగి, పాత బనీను గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీసి, చివరనున్న నూనెను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి చూసేవాడు. ఎంత ఉందన్నది ఒక్క చూపులో తేలిపోతుంది. ఎలా ఉందన్నదానికే ఈ తంతు. నూనె వేళ్ల మధ్య జిగురుగా సాగాలి. ముక్కు దగ్గర పెట్టుకుంటే పెట్రోలు వాసన రాకూడదు. ఆ ఇంజను పక్కనే బిగించి ఉండే పెట్రోలు పంపులో ఒక పల్చటి డయాఫ్రమ్ ఉండేది. అది చిరిగితే పెట్రోలు కారి నేరుగా ఇంజనాయిల్లో కలిసేది. చూడ్డానికి ఆయిలు మట్టం తగ్గకపోగా పెరిగినట్టుంటుంది. అమాయకుడైతే సంతోషిస్తాడు. తెలిసినవాడు బండి కదలనివ్వడు. నీళ్లు కలిస్తే ఇంకో రకం: నూనె పాలు పోసిన కాఫీ రంగులోకి తిరిగి, ఆయిలు పోసే మూత లోపల మీగడలా పేరుకునేది. అది హెడ్ గాస్కెట్ చూపించుకోమని చెప్పడం.

తర్వాత చోక్ లాగి సెల్ఫ్ కొట్టేవాడు. చల్లటి ఇంజన్లో చిక్కటి నూనె, ముల్లు ఒక్క ఉదుటున 60 దాకా ఎగిరి కూర్చునేది. ఆ గేజీకి కరెంటుతో పని లేదు. ఇంజను బ్లాకు నుంచి డాష్‌బోర్డు దాకా సన్నటి గొట్టం వచ్చేది. ఇంజన్లో తిరిగే నూనే ఆ గొట్టం గుండా వచ్చి ముల్లును తోసేది. కాబట్టి అది అబద్ధమాడటం అరుదు. ఆడితే మాత్రం సాక్ష్యం వెంటనే దొరికేది. గొట్టం ఎక్కడైనా చిట్లితే డ్రైవరు కాళ్ల దగ్గర చాప తడిసేది.

ఆ ముల్లు ఏడాదికేడాది కిందికి దిగడం చూస్తూ పెరిగాను. ఎందుకు దిగుతుందో చెప్పింది మా మేస్త్రీ. పవర్‌పేట స్టేషను వైపు సందులో రేకుల షెడ్డు ఆయనది. నాన్నకంటే పదిహేనేళ్లు పెద్ద. నాన్న ఆయన్ని "మేస్త్రీ గారూ" అనేవాడు, ఆయన నాన్నని "తమ్ముడూ" అనేవాడు, నన్ను మాత్రం "ఒరే అబ్బాయ్" తప్ప పేరు పెట్టి పిలిచిన గుర్తు లేదు. ఓ వేసవి సెలవుల్లో స్పానర్లు అందిస్తూ, పంపు కొత్తదేసినా ప్రెజర్ ఎందుకు పెరగలేదని అడిగాను. ఆయన కాళ్లు చాపుకుని కూర్చున్నాడు.

"హెడ్డు దగ్గర లాకులెత్తి కాలవకి నీళ్లొదిలారనుకో. గట్లు బాగుంటే శివారు చేలదాకా నీళ్లెక్కుతాయి. దారిలో నాలుగుచోట్ల గండి పడిందనుకో. లాకుల దగ్గర నీళ్లు అవే, శివారోడి చేను బీడే. నువ్వెళ్లి లాకుల మీద కేకలేసి ఏం లాభం?"

డెల్టాలో పుట్టినవాడికి ఇంతకంటే విడమర్చక్కర్లేదు. పంపు చేసేది నూనెను తోయడం వరకే. ఆ తోసిన నూనె బయటికి పోయే దారి ఇరుకుగా ఉన్నప్పుడే ప్రెజర్ పుడుతుంది. ఆ ఇరుకు దారులే బేరింగులు. క్రాంకు షాఫ్టుకి మూడు మెయిన్ బేరింగులు, నాలుగు కనెక్టింగ్ రాడ్లకి నాలుగు బిగ్ ఎండ్ బేరింగులు. మెయిన్ దగ్గర షాఫ్టు లావు 2 అంగుళాలు. షాఫ్టుకీ బేరింగుకీ మధ్య ఉండాల్సిన సందు అంగుళంలో వెయ్యో వంతు, మహా అయితే రెండు మూడు వెయ్యో వంతులు. తలవెంట్రుక మందం కూడా దాదాపు అంతే. ఈ సందు అరిగి రెట్టింపయితే అందులోంచి కారిపోయే నూనె రెట్టింపుతో ఆగదు, ఎనిమిది రెట్లవుతుంది. పైగా వేడికి నూనె పల్చబడుతుంది. రోహిణీ కార్తెలో మా వైపు ఎండకి అది ఇంకా పల్చన. అందుకే పొద్దున 60 చూపించిన బండే మధ్యాహ్నానికి 10 దగ్గర వణికేది.

మేస్త్రీ ఇంకో మాట కూడా చెప్పాడు. చాలామంది అనుకున్నట్టు షాఫ్టును పైకెత్తి పట్టుకునేది పంపు ప్రెజర్ కాదు. షాఫ్టు తిరుగుతూ తనంతట తానే నూనెను అడుగుకి లాక్కుని ఆ పొర మీద తేలుతుంది. ఆ నూనె తెగకుండా అందుతూ ఉండటానికే పంపు. అందుకనే ముల్లు 10కి దిగిన ఇంజను మర్నాడే చావదు. దాని మీద బరువు పడకుండా, నూనె తెగకుండా చూసుకుంటే ఏడాదీ రెండేళ్లూ లాగుతుంది. అలా లాగించడమే ఆ రోజుల్లో మా ఇంటి బతుకుతెరువు.

ముల్లు దిగింది అనగానే ఇంజను దించే మేస్త్రీ మంచి మేస్త్రీ కాదని మా వైపు నమ్మకం. తక్కువ ఖర్చుదాన్నుంచి ఎక్కువ ఖర్చుదానికి ఒక్కో మెట్టే దిగాలి. ముందు గేజీని అనుమానించాలి. ఆయన దగ్గర ఇంకో గేజీ ఉండేది, దాన్ని బ్లాకుకి బిగించి రెండూ ఒకే మాట చెబుతున్నాయో లేదో చూసేవాడు. తర్వాత ఆయిలు. చాలాకాలం మార్చని ఆయిలయితే దించి, ఫిల్టరు మార్చి కొత్తది పోయడం. దించిన నూనెను వెడల్పాటి పళ్లెంలో పట్టి ఎండలోకి తీసుకెళ్లి వంచి చూసేవాడు. నల్లటి నూనెలో సన్నటి మెరుపు కనిపిస్తే మాటలు తగ్గేవి. ఆ మెరుపు బేరింగు పైపూతది కావచ్చు. అయస్కాంతం పెట్టి తిప్పేవాడు. దానికి అంటుకుంటే ఉక్కు, అంటుకోకపోతే బేరింగు లోహం.

మెరుపు లేకపోతే రిలీఫ్ వాల్వు. బ్లాకు పక్కన గుండ్రటి తలతో ఒక నట్టు, దాని వెనక స్ప్రింగు, స్ప్రింగు ముందు చిన్న ప్లంజరు. ప్రెజర్ మరీ ఎక్కువైతే స్ప్రింగును తోసుకుని ప్లంజరు వెనక్కి జరిగి, మిగులు నూనెను ఇంజను అడుగునున్న ఛాంబరులోకి వదిలేస్తుంది. దాని సీటులో ఇసకరేణువంత మడ్డి ఇరుక్కున్నా వాల్వు పూర్తిగా మూసుకోదు, నూనె ఎప్పుడూ కారుతూనే ఉంటుంది. విప్పి, కిరసనాయిలుతో కడిగి, సీటు శుభ్రం చేసి బిగిస్తే కొన్ని బళ్లలో ముల్లు మళ్లీ లేచి నిలబడేది. అలాంటి రోజు మేస్త్రీ టీ డబ్బులకి మించి తీసుకునేవాడు కాదు. "పని చేశానా ఏమన్నా?" అనేవాడు.

ఈ వాల్వు దగ్గరే మోసం కూడా ఉండేది. స్ప్రింగు వెనక రెండు వాషర్లు వేసి బిగిస్తే ముల్లు పైకి లేస్తుంది. అది లేచేది పరుగులో మాత్రమే. వేడి మీద, నిలబడ్డప్పుడు ఆ వాల్వు ఎలాగూ మూసుకునే ఉంటుంది కాబట్టి వాషర్లు అక్కడ ఏమీ చేయలేవు. బళ్ల బ్రోకర్లలో కొందరు వాషర్లతో పాటు ఇంకో పని కూడా చేసేవారు. నలభై నంబరు ఆయిలు పోయాల్సిన చోట యాభై నంబరు పోసి, చల్లటి ఇంజను మీద బేరం పెట్టేవారు. కొనేవాడు ముల్లు చూసి మురిసిపోయేవాడు. తెలిసినవాడయితే "ఓసారి భీమడోలు దాకా వెళ్లొద్దాం రండి" అని బండెక్కేవాడు. తిరిగొచ్చేసరికి బండి అసలు రూపం కనిపించేది, బేరం వేలల్లో పడిపోయేది.

మా మేస్త్రీ చిక్కటి ఆయిలును పూర్తిగా కాదనేవాడు కాదు. వేసవి నెట్టుకురావడానికి అది పనికొస్తుందనేవాడు. కాకపోతే అది గండి పూడ్చటం కాదని ముందే చెప్పేవాడు. చిక్కటి నూనె పొద్దున్నే ఇంజను మూలమూలలకీ పాకడానికి ఎక్కువసేపు పడుతుంది. ఆ కాసేపూ లోపల పొడిపొడిగా రాసుకుంటుంది. "ముల్లుని లేపమంటావా, ఇంజన్ని బాగుచేయమంటావా? రెండూ ఒకటి కాదు తమ్ముడూ. ఏది కావాలో చెప్పు, దానికి తగ్గట్టు చేస్తా," అనేవాడు. సీజను నడుమ నాన్న ముల్లునే లేపమనేవాడు. ఏం చేయించుకుంటున్నాడో ఇద్దరికీ తెలుసు.

సీజనంటే మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం. ద్వారకా తిరుమల పెళ్లిళ్లు, అన్నవరం వ్రతాలు, తిరుపతి మొక్కుబళ్లు. ముల్లు కిందికి చూస్తున్న బండితో 400 కిలోమీటర్ల పైచిలుకు తిరుపతి ప్రయాణం పెట్టుకోవడమంటే డ్రైవింగు ఒక్కటీ వస్తే చాలదు. నాన్న సాయంత్రం ఎండ తగ్గాక బయల్దేరేవాడు. హనుమాన్ జంక్షన్‌లో కొబ్బరికాయ కొట్టి, గంటకి 60 కిలోమీటర్లకి మించకుండా రాత్రంతా నడిపేవాడు. డిక్కీలో ఆయిలు డబ్బా, నీళ్ల డబ్బా ఉండాల్సిందే. ఆ ఇంజను వెనక వైపు మెయిన్ బేరింగు దగ్గర ఇప్పటి బళ్లలోలా రబ్బరు సీలు ఉండేది కాదు. షాఫ్టు మీదే మరలాంటి గాడి కోసి, తిరిగేటప్పుడు నూనెను వెనక్కి లాగేలా చేశారు. సందు పెరిగేకొద్దీ ఆ ఉపాయం పారేది కాదు, కింద చుక్కలు పడేవి. ఆగిన ప్రతిచోటా నాన్న వంగి ఆ చుక్కలు చూసుకుని, డిప్‌స్టిక్ తీసేవాడు.

తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు ప్రయాణికులు గోవిందనామాలు చెప్పుకుంటూ బండి ఏమవుతుందోనని భయపడేవారు. నాన్నకి అక్కడ భయం లేదు. రెండో గేరులో ఇంజను జోరుగా తిరుగుతుంది, ముల్లు నిలబడే ఉంటుంది. అసలు ప్రమాదం పెద్ద గేరులో నెమ్మదిగా ఈడ్చుకుపోవడంలో ఉంది. ఇంజను మీద బరువేమో పూర్తిగా ఉంటుంది, నూనె తోపు మాత్రం సగమే. పెట్రోలు ఆదా అవుతుందని టాప్ గేరులోనే గుంజేవాళ్ల బేరింగులు ముందు పోయేవి. చిన్న ఎత్తు వచ్చినా గేరు దించడం, బ్రేకు అవసరమయ్యేలోపే కాలు తీసేయడం, ఆగితే ఇంజను ఆపేయడం: నాన్న నడిపే తీరంతా ఆ ముల్లు నేర్పిందే.

నాన్నకి నిజంగా భయం పుట్టించేది బెజవాడ. అప్పట్లో మద్రాసు వైపు వెళ్లే బళ్లన్నీ కృష్ణ దాటాలంటే 1957లో కట్టిన ప్రకాశం బ్యారేజీ మీదుగానే పోవాలి. లారీలు, బస్సులు, రిక్షాలు, ఎడ్లబళ్లు. బండి జానెడు జరగడం, ఆగడం. ఎండాకాలం కొండరాళ్ల వేడి ఒకవైపు, రేడియేటరు వేడి ఇంకోవైపు. ముల్లు 15 నుంచి 12కి, 12 నుంచి 8కి. నాన్న ఇంజను ఆపేవాడు. ముందు బండి కదిలితే మళ్లీ సెల్ఫ్. అలా పదే పదే సెల్ఫ్ కొడితే బ్యాటరీ దిగుతుంది. ప్రెజర్ చూసుకోవాలా, బ్యాటరీ చూసుకోవాలా? కాస్త వాలు కనిపిస్తే ఇంజను ఆపే దొర్లించేవాడు. వెనక కూర్చున్న పెద్దమనిషి "ఏమయ్యా, పెట్రోలు ఆదా చేస్తున్నావా?" అని నవ్వేవాడు. నాన్న అవునండీ అనేసేవాడు. ఇంజను సంగతి చెబితే వాళ్ల ప్రయాణం పాడవుతుంది, మన బాడుగ పోతుంది.

శబ్దం మొదలయ్యేదాకానే ఈ నెట్టుకురావడం. బిగ్ ఎండ్ కొట్టుకోవడం మొదలైతే టక్ టక్ టక్ అని సన్నగా, ఖచ్చితంగా వినిపిస్తుంది. మెయిన్ బేరింగు పోతే బరువు మీద గుడగుడమని లోతుగా మోగుతుంది. మేస్త్రీ పొడుగాటి స్క్రూడ్రైవరు మొన బ్లాకుకి ఆనించి పిడి చెవికి పెట్టుకుని వినేవాడు. తర్వాత ఒక్కో ప్లగ్గు వైరూ ఊడదీసేవాడు. ఏ సిలిండరు వైరు తీస్తే టకటక తగ్గుతుందో ఆ రాడ్డుది తప్పు. ఆ సిలిండర్లో మంట లేదు కాబట్టి బేరింగు మీద దెబ్బ తగ్గుతుంది, చప్పుడూ తగ్గుతుంది. అప్పుడిక వాయిదాల్లేవు.

ఇంజను పనికి ముహూర్తం ఆషాఢం. శూన్యమాసంలో పెళ్లిళ్లుండవు, బాడుగలుండవు. ఊళ్లో కొత్త కోడళ్లు పుట్టింటికి వెళ్లే నెలలో అంబాసిడర్ ఇంజన్లు షెడ్డుకి వెళ్లేవి. సందులో ఏ షెడ్డు చూసినా గొలుసుకి వేలాడుతూ ఒక ఇంజను, బానెట్ లేకుండా నోరు తెరుచుకుని ఒక బండి. డబ్బులకి నాన్న ఏడాదంతా ఒక చీటీ కట్టేవాడు. ఆషాఢానికి ముందు నెల ఎంత నష్టానికైనా పాడేవాడు. మా ఇంట్లో దాని పేరు ఇంజను చీటీ. బడి ఫీజుకి దాన్ని ముట్టుకోవడానికి వీల్లేదు.

క్రాంకు షాఫ్టును గోనెసంచిలో చుట్టి బెజవాడ ఆటోనగర్ తీసుకెళ్లేవాళ్లం. ఆంధ్రదేశంలో మోటారు బండికి ఏ అవయవం పోయినా దొరికే చోటది. క్రాంకు గ్రైండింగు ఒక దగ్గర, సిలిండర్లు బోరు చేసేవాళ్లు ఒక దగ్గర, రేడియేటర్లు, కమాను కట్టలు, సీట్లు, గేరుబాక్సులు దేనికి దానికే వరసలు. గ్రైండింగు షాపులో కొలతకి ఒక పెద్దాయన ఉండేవాడు. మైక్రోమీటరుతో జర్నల్‌ని నిలువునా అడ్డంగా కొలిచేవాడు. రెండు కొలతలూ ఒకటి కాకపోతే షాఫ్టు కోలగా అరిగినట్టు. ఎంత చెక్కితే మళ్లీ గుండ్రమవుతుందో లెక్క చెప్పేవాడు. పది, ఇరవై, ముప్పై, నలభై: వెయ్యో వంతు అంగుళాల్లో ఇవీ మెట్లు. చెక్కిన కొలతకి తగ్గట్టు అంత మందం ఎక్కువున్న బేరింగులు దొరికేవి, వీపు మీద అంకె ముద్రేసి. నలభై దాటాక చెక్కడానికి ఉండదు, షాఫ్టు పాత ఇనుమే. బండి కొనేటప్పుడు "క్రాంకు ఎంతలో ఉంది?" అని అడిగేది అందుకు. ఇరవైలో ఉందంటే ఇంకో రెండు ఇంజను పనుల ఆయుష్షు మిగిలున్నట్టు.

షాఫ్టు తిరిగొచ్చాక మేస్త్రీ ముందు చేసేది దాని కడుపు కడగడం. షాఫ్టు లోపల మెయిన్ నుంచి బిగ్ ఎండ్‌కి నూనె వెళ్లే సన్నటి రంధ్రాలుంటాయి. గ్రైండింగు రజను అక్కడ చిక్కుకుంటే కొత్త బేరింగును మొదటి రోజే గీరేస్తుంది. కిరసనాయిలు పోసి తీగ దూర్చి, గాలి కొట్టి, ఆ రంధ్రంలోంచి వెలుతురు చూసేదాకా వదిలేవాడు కాదు. బిగించేటప్పుడు ఒక్కో బేరింగు మూత బిగించాక షాఫ్టును ఒంటిచేత్తో తిప్పేవాడు. చెయ్యి చెప్పినట్టు తిరగాలి. బరువనిపిస్తే మళ్లీ విప్పడమే. కుర్రాళ్లు మూతల అడుగున కాగితం పెట్టో, మూతను ఆకురాయితో రాసో సందు సరిచేస్తామంటే ఒప్పుకునేవాడు కాదు. అలా చేస్తే బేరింగు గుండ్రం పోతుంది, మూడు నెలల్లో మళ్లీ షెడ్డుకొస్తుంది.

అంతా అయ్యాక కూడా వెంటనే సెల్ఫ్ కొట్టేవారు కాదు. పొడి ఇంజన్ని మండించకూడదు. ప్లగ్గులు నాలుగూ తీసేసి, ముందు నుంచి హ్యాండిల్ దూర్చి ఇద్దరు కుర్రాళ్లు మార్చి మార్చి తిప్పేవారు. డాష్‌బోర్డు ముందు కూర్చుని ముల్లు కదిలితే చెప్పడం నా డ్యూటీ. చాలాసేపు ఏమీ కదలదు. తర్వాత సున్నా మీంచి ముల్లు ఒక గీత జరుగుతుంది. "వచ్చింది!" అని అరిస్తే బయట హ్యాండిల్ ఆగిపోయేది. ఆ తర్వాత ప్లగ్గులు బిగించి స్టార్టు చేసేవారు. వెనక అద్దం మీద రన్నింగ్-ఇన్ అని రాసి కొన్నాళ్లు గంటకి 50 దాటకుండా నడిపి, మొదటి ఆయిలు త్వరగా మార్చేసేవాళ్లం. శ్రావణం మొదటి పెళ్లికి వేడి మీద 20 చూపించే బండితో నాన్న స్టాండుకి వెళ్లేవాడు. ఆ నెలంతా ఆయన నడకే వేరు.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. దాని డాష్‌బోర్డులో ఆయిలు ముల్లు లేదు, ఎర్ర లైటు ఉంది. చాలా బళ్లలో ఆ లైటు 5 పౌండ్ల చుట్టుపక్కలకి పడిపోతే గానీ వెలగదు. వెలిగిందంటే నెట్టుకురావడానికి ఏమీ మిగల్లేదని అర్థం. మొదట్లో స్టాండు డ్రైవర్లు ఆ కారును నమ్మలేదు. లోపలేం జరుగుతోందో చెప్పని బండిని ఎలా నడుపుతారని వాళ్ల వాదన. కాలం వాళ్లదే తప్పని తేల్చింది. కొత్త ఇంజన్ల తయారీలో కొలతలు నికరం, మల్టీగ్రేడ్ ఆయిళ్లు ఎండకి అంతగా పల్చబడవు, ఫిల్టర్లు మెరుగు. చూడకపోయినా నడిచే ఇంజనుకి ముల్లు ఎందుకు? తర్వాత టాక్సీలకి సుమోలు, ఇండికాలు వచ్చాయి. పెట్రోలు ఖర్చు తట్టుకోలేక మిగిలిన అంబాసిడర్లలో డీజిలు ఇంజన్లు బిగించారు. ఉత్తరపారాలో 2014 మేలో తయారీ ఆగిపోయేనాటికి మా ఊరి స్టాండులో ఆ బండి కనిపించడం మానేసి చాలాకాలమైంది.

ఆ జీవితం తిరిగి రావాలని నేను కోరుకోను. గూడూరు దాటాక అర్ధరాత్రి రోడ్డు పక్కన బండి ఆగితే చంటిపిల్లల తల్లులు చెట్ల కింద తెల్లవారేదాకా కూర్చున్న ప్రయాణాలు నాకు తెలుసు. ఇప్పుడు లక్షల కిలోమీటర్లు బేరింగు మొహం చూడకుండా తిరుగుతున్న బళ్లని చూస్తే మా మేస్త్రీ కూడా సంతోషించేవాడు. పోయిందని నాకనిపించేది వేరొకటి. బాగున్నదానికీ పాడైనదానికీ నడుమ అప్పట్లో చాలా చోటుండేది. 20కీ సున్నాకీ మధ్య ప్రతి గీతకీ ఒక అర్థం, ఒక జాగ్రత్త, ఒక ఖర్చు, ఒక గడువు. డబ్బు లేనివాడు ఆ చోటులోనే బతికాడు. అరిగినదాన్ని ఎంత అరిగిందో తెలిసి నడిపాడు. ఇప్పుడు లైటు వెలగనంతవరకూ అంతా బాగున్నట్టే, వెలిగితే ఇంజను మార్చడమే. నడుమ గీతలు లేవు, వాటిని చదివే కళ్లూ అక్కర్లేకపోయాయి.

ఈమధ్య పాత అంబాసిడర్లు ముచ్చటపడి కొని మెరుగుపెట్టుకుంటున్న కుర్రాళ్లు హైదరాబాదులోనూ బెజవాడలోనూ కనిపిస్తున్నారు. ప్రెజర్ తక్కువుందని తెలియగానే ఇంజను దించడానికి పరుగెత్తుతారు, లేదంటే సీసాల్లో దొరికే చిక్కటి మందులు పోస్తారు. వాళ్లకి మేస్త్రీ మెట్లే చెబుతుంటాను: ఇంకో గేజీ, డిప్‌స్టిక్ వాసన, కొత్త ఆయిలు, రిలీఫ్ వాల్వు, పళ్లెంలో మెరుపు. ఆ తర్వాతే స్పానరు పెద్దది తీయమంటాను.

నాన్న మా బండిని 1990ల నడుమ అమ్మేశాడు. కొన్నది జంగారెడ్డిగూడెం వైపు నుంచి వచ్చిన కుర్రాడు, మొదటిసారి టాక్సీ పెట్టుకుంటున్నాడు. బేరానికి ముందు చిక్కటి ఆయిలు పోద్దామని స్టాండులో ఒకాయన సలహా ఇచ్చాడు. నాన్న వినలేదు. కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని భీమడోలు దాకా వెళ్లి, తిరిగొచ్చాక ఇంజను ఆడుతుండగానే ముల్లు చూపించాడు. బేరం తగ్గింది. డబ్బు లెక్కపెట్టుకున్నాక నాన్న వాడికి అరగంట చెప్పాడు. క్రాంకు ముప్పైలో ఉంది, ఇంకొక్క గ్రైండింగే మిగిలింది. రెండో సిలిండరు రాడ్డు కిందటేడు మార్చాం. ఎత్తు మీద గేరు దించు, ట్రాఫిక్కులో ఇంజను ఆపు. వచ్చే ఆషాఢానికి ఇప్పట్నుంచే చీటీ వెయ్యి. వాడు తలూపుతూ జేబులోంచి పెన్ను తీసి, ఆర్సీ పుస్తకం కవరు మీద అన్నీ రాసుకున్నాడు. ఇప్పుడు పాత కారు కొంటే సర్వీసు రికార్డు ఇస్తారు. దాంతో ఎలా బతకాలో చెప్పేవాడు రాడు.